కలుపు మడికి కౌలు కాగితం

ఆ రోజుల్లో నాకు అరవై మూడేళ్లు. ఇప్పుడు తలచుకుంటే ఎంత చిన్నతనమో అనిపిస్తుంది. నవ్వకండి. కొత్త దేశానికి వెళ్లిన మనిషికి వయసు అక్కడ కాలు పెట్టిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ లెక్కన జర్మనీలోని లైప్‌జిగ్‌లో నాకు అప్పటికి ఏడు నెలలు. ఏడు నెలల పిల్ల ఏం చేస్తుంది? చేతికందిందల్లా పీకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, వద్దన్న చోటికే పాకుతుంది. నేనూ అంతే చేశాను. మట్టి ఎక్కడైనా మట్టే, ఎండ ఎక్కడైనా ఎండే, నలభై ఏళ్లు చేలల్లో వంగిన నడుముకు ఎవరూ కొత్తగా నేర్పేది లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకంలో ముప్పావు వంతు ఇప్పటికీ ఉంది. పోయిన పావు వంతు సంగతే ఇది.)

మా బిడ్డకూ అల్లుడికీ కంప్యూటర్ ఉద్యోగాలు. ఇల్లు నాలుగో అంతస్తు. వాళ్లు పొద్దున్నే ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుంటే నా వంట తొమ్మిదింటికల్లా అయిపోయేది. ఆ తర్వాత కిటికీలోంచి ట్రాములు చూడటం. మధ్యాహ్నం తిన్నాక మళ్లీ ట్రాములు చూడటం. పదకొండో నంబరు ఆలస్యంగా వస్తే డ్రైవరును తిట్టేదాకా వచ్చింది నా పరిస్థితి, నేను ఎక్కేది లేకపోయినా. చేతులకు పని లేకపోతే మనిషి మెల్లగా కుర్చీలో సామానైపోతాడు. నేను అయిపోతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ ఊళ్లో ట్రాము దారి వెనక వరసగా చిన్న చిన్న తోటలుంటాయి. ఒక్కోటి మన ఇంటి పెరడంత. ప్రతి తోటకూ ఒక చిన్న గుడిసె, ఒక గేటు, గేటుకు ఒక నంబరు. వాటన్నిటికీ కలిపి ఒక సంఘం ఉంటుంది, ఫెరైన్ అంటారు. ఆ ఫెరైన్ కౌలుకిస్తుంది. ఊరికే ఇవ్వదు, పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. ఆదివారాలు కుర్చీలేసుకుని కాఫీ తాగొచ్చని మా బిడ్డ ఎప్పుడో పేరు రాయించింది. నేను వెళ్లాక వచ్చిన మార్చిలో ఉత్తరం వచ్చింది. అల్లుడు రూల్స్ పుస్తకం తెచ్చి నా ముందు కూర్చున్నాడు.

"కంచె చెట్లు ఛాతీ ఎత్తు దాటొద్దట అత్తమ్మా. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా సప్పుడు చేయొద్దట. ఆదివారం సుత్తె పట్టొద్దట. మూడో వంతు జాగాల కూరగాయలో పండ్లో ఉండాల్సిందేనట."

"మిగిలిన రెండు వంతులల్ల?"

"గడ్డి, పూలు, కుర్చీలు."

"భూమి ఇచ్చి గడ్డి పెంచుమంటరా? బర్లున్నయా మనకు?"

అల్లుడు పుస్తకంలో వెతికాడు. "బర్లు కూడా ఉండొద్దట అత్తమ్మా" అన్నాడు.

అసలు మెలిక చివరి పేజీలో ఉంది. మొదటి ఏడాది పరీక్ష ఏడాది. జూన్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కమిటీ వాళ్లొచ్చి చూస్తారు. నచ్చితే కౌలు కాగితం మీద ముద్ర పడుతుంది. నచ్చకపోతే తాళంచెవి తిరిగిచ్చి గేటు బయటికి నడవాలి. "మన వెనక లైన్‌ల చాలా మంది ఉన్నరమ్మా, జాగ్రత్త" అంది బిడ్డ. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. ఆ గేటు పోతే మళ్లీ నాకు ట్రాములే గతి. పోనివ్వను అనుకున్నాను.

ఏప్రిల్‌లో తోటకు వెళ్లాను. వాళ్లిద్దరూ పనిలో ఉంటే నేనొక్కదాన్నే, సంచిలో కొడవలి పెట్టుకుని, చీర మీద అల్లుడి చలికోటు వేసుకుని. (ట్రాములో కొడవలి పిడి కనిపించి నా పక్క సీటు ఖాళీ అయ్యేది. నాకు హాయిగానే ఉండేది.) తోటలో ఒక గుడిసె, ఒక ఆపిల్ చెట్టు, మూలన ఒక నీళ్ల డ్రమ్ము, మధ్యలో మంచి ఎండ పడే చోట ఎర్రగా వేళ్లలాగా నేలలోంచి లేస్తున్న మొలకలు. కింద తవ్వితే కందగడ్డల్లాంటి వేర్లు. అంత మంచి చోటును ఏ పిచ్చి మొక్క ఆక్రమించిందోనని మొత్తం పెకలించి గేటు పక్కన కుప్ప పోశాను. పదకొండు దుబ్బులు. పక్క తోటావిడ, ఎర్ర రబ్బరు బూట్లు వేసుకుని తిరిగే ముసలావిడ, కంచె దగ్గరికొచ్చి రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. కుప్పను చూపించి, తనను చూపించుకుని, ఏదో అడిగింది.

"తీస్కపో తల్లీ, నాకెందుకు" అన్నాను.

ఎర్రబూట్లామె ఒంటిచక్రం బండి తెచ్చి మూడు విడతలుగా తోలుకుపోయింది. మర్నాడు నాకొక పండ్ల జామ్ సీసా తెచ్చి ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని ఊపింది. చెత్త ఇస్తే సీసా ఇచ్చిన పిచ్చి మనిషి అనుకున్నాను. ఆ దుబ్బులు ముప్పై ఏళ్ల పూలమొక్కలని, ఆ పూల కోసమే జనం కంచె పక్కన ఆగి ఫోటోలు తీసుకునేవాళ్లని మా బిడ్డ తర్వాత చెప్పింది. చెప్పి, సోఫాలో కూలబడింది.

ఖాళీ అయిన చోట విత్తనాలు పెట్టాను. ఎర్లాంగెన్ అనే ఊళ్లో ఉండే అల్లుడి స్నేహితుడి భార్య గోంగూర, బీర, చిక్కుడు గింజలు పోస్టులో పంపింది. ఉగాది దాటింది, ఇంకేమిటి ఆలస్యమని పెట్టేశాను. బీర నేలలోనే కుళ్లింది. గోంగూర గోరంత లేచి, ఒక తెల్లవారి పొద్దున మంచుకు ఉడికించిన ఆకులా వాలిపోయింది. "మే నెల సగం దాకా ఇక్కడ ఏం పెట్టరమ్మా, గూగుల్‌ల కొడితే వస్తది" అంది బిడ్డ. గూగుల్‌కు నాగలి పట్టడం వచ్చా అన్నాను. మడి మాత్రం ఖాళీగానే ఉంది.

మే నెలలో ఎండ కాస్త ముదిరాక ఆ మడిలో నేను పెట్టనివి మొలిచాయి. వంగి చూశాను. ఆకు అడుగున తెల్లటి పొడి. పప్పుకూర! ఇంకో పక్క, కాడ ఎర్రగా, వేరు ఎర్రగా... దొగ్గలి! మీ దిక్కు దీన్ని అడవి తోటకూర అంటారేమో. మరో రెండు వారాలకు నేలబారుగా గంగవాయిలి. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. మా జహీరాబాద్ దిక్కు విత్తకుండా వచ్చే కూరలు పంట కింద లెక్కే. జొన్నచేలో, కందిచేలో కలుపు తీస్తుంటే పీకిన దాంట్లో సగం కలుపు, సగం కూర. కూరను వేరుచేసి ఒడిలో కట్టుకుంటాం. చేను ఎవరిదైనా ఆ కూర మాత్రం కూలి మనిషిది, పటేలు కూడా అడగడు. నేను పెరిగిందే ఆ కూర తిని. ఏడు నెలల్లో ఆ దేశంలో నన్ను గుర్తుపట్టినట్టు ఎదురొచ్చినవి ఇవే. ఇక వాటిని వదులుతానా? ఒత్తుగా ఉన్నచోట తీసి పలచగా ఉన్నచోట నాటాను. వరసలు కట్టాను. చుట్టూ రాళ్లు పేర్చాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు. పక్కన గుడిసె గోడకు చిక్కుడు మళ్లీ పెట్టాను. అదీ మొలిచింది. ఇక కమిటీ కాదు, కలెక్టర్ వచ్చినా నాకు భయం లేదు.

జూన్‌లో వచ్చారు. ముందు నడిచే పెద్దాయనకు నేను అక్కడే టేపు తాత అని పేరు పెట్టాను. వెదురులాగా పొడుగు మనిషి, నడుముకు కొలిచే టేపు. ఆ రోజు బిడ్డ సెలవు పెట్టి నా పక్కన నిలబడింది. టేపు తాత కంచె కొలిచాడు, బాగుందన్నాడు. గుడిసె కొలిచాడు, బాగుందన్నాడు. మడి దగ్గరికొచ్చి ఆగిపోయాడు. వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు. ఒక మాట అన్నాడు. మా బిడ్డ మొహం దొగ్గలి వేరులా ఎర్రబడింది.

"ఏమంటుండు?"

"అమ్మా... ఇది ఉన్‌క్రౌట్ అంటుండు. కలుపు."

"కలుపు గాదు, కూర అని జెప్పు."

చెప్పింది. ఆయన ఏదో అడిగాడు.

"మరి కలుపును వరసల ఎందుకు పెట్టినరు అంటుండు."

"కూర గాబట్టే వరసల పెట్టిన. కలుపుకు ఎవడన్న నీళ్లు వోస్తడా? కండ్లద్దాలు పెట్టుకున్నడు గని కండ్లు పెట్టుకోలే?"

బిడ్డ అనువదించింది. (నేనన్నది చారెడంత, ఆమె చెప్పింది చిటికెడంత. చివరి ముక్క దారిలోనే పోయిందని నాకు అర్థమైంది.) టేపు తాత సంచిలోంచి ఒక లిస్టు తీశాడు. ఏయే పంటలు పంటలో అందులో రాసి ఉన్నాయట. వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు.

"లిస్టుల లేవటమ్మా."

"లిస్టు రాసినాయన ఇది తినలేదేమో, పాపం."

ఇలా కాదని నాలుగు దొగ్గలి ఆకులు తెంపి, కొంగుతో తుడిచి, ఆయన చూస్తుండగానే నమిలి మింగాను. ఒక ఆకు ఆయనకూ ఇవ్వబోయాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన వెనకున్న ఇద్దరు రెండు అడుగులు వేశారు.

వారానికి కాగితం వచ్చింది. నాకు తెలుగు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. మా ఊరి ఆడవాళ్ల సంఘంలో అందరి ముందూ వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి, పంతం పట్టి ఒక చలికాలమంతా పలక ముందు కూర్చుని నేర్చుకున్నాను. బస్సు బోర్డు చదివిన మొదటి రోజు రెండు స్టాపులు అవతల దిగాను, చదువుతూ కూర్చుని. అలాంటి నన్ను ఈ కాగితం మళ్లీ వేలిముద్ర మనిషిని చేసింది. ఎటు తిప్పినా ఒకటే. బిడ్డే చదివింది. రెండు షరతులు. ఒకటి, ఆ మడిలో ఏ మొక్కా పూసి గింజ పట్టకూడదు, పడితే గాలికి పక్క తోటలన్నిట్లో మొలుస్తాయి. గింజ ఉన్న మొక్క ఒక్కటి కనిపించినా మడి మొత్తం పీకేయాలి, తోట మన చేతి నుంచి పోయినట్టే. రెండు, లిస్టులో ఉన్న పంట ఒక్కటైనా అక్టోబర్‌కల్లా కాయ కాయాలి. చిక్కుడు బీన్స్ కిందికి వస్తుందట, బీన్స్ లిస్టులో ఉన్నాయట.

"అమ్మా, ప్లీజ్. ఆ కలుపు పీకేద్దాం. బజార్ల నాలుగు సుకిని కూరగాయ మొక్కలు దొరుకుతయి, తెచ్చి పెట్టేస్తే అయిపోతది. టెన్షన్ ఉండదు."

"కొన్న నారు పెట్టి నేను పండించిన అని చెప్పుకోను. కూర పూయదు. చిక్కుడు కాస్తది. జెప్పు ఆయనకు."

"మొక్కలు నీ మాట వింటయా?"

"నువ్వు విన్లేదా, ఇంతదానివైనవు?"

ఆమె విన్న సందర్భం ఒక్కటైనా ఉందా అని ఇద్దరం కాసేపు ఆలోచించాం.

ఇక చూడండి ఆ ఎండాకాలం. గంగవాయిలి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. పొద్దెక్కగానే ఆవగింజంత పచ్చపూలు విప్పుతుంది, వారం తిరిగేసరికి గింజ రాలుస్తుంది. అందుకని నేను మొదటి ట్రాములో వెళ్లి కొసలన్నీ తుంచేదాన్ని. తుంచిన కొద్దీ అది రెండింతలు చిగిర్చేది. దొగ్గలీ అంతే, పప్పుకూరా అంతే. రోజూ సంచెడు. పారేయడానికి నాకు చేతులు రావు. ఇంట్లో పప్పు, పచ్చడి, రొట్టెలో కూర, పెరుగులో కూర.

"ఇయ్యాల ఏం కూర అత్తమ్మా?" అని అల్లుడు మూత తీయకముందే అడిగేవాడు.

"కూరే."

"అదే, ఏం కూర?"

"ఆకుకూర."

ఒక రోజు డబ్బా తిరిగి తెచ్చి మెల్లగా అన్నాడు, "ఆఫీస్‌ల నా పక్క సీటాయన అడుగుతుండు అత్తమ్మా, డాక్టర్ ఏమన్న చెప్పిండా అని."

ఆగస్టులో మూడు రోజులు సముద్రం చూడ్డానికి పోదామన్నారు. మూడు రోజులు నేను లేకపోతే మడి పూసేస్తుంది, మీరు పోండి అన్నాను. పోయారు. సముద్రం ముందు నిలబడి నాకు వీడియో చేశారు. నేను వాళ్లకు మడి చూపించాను.

కూర నా మాట విన్నది. చిక్కుడే వినలేదు. జూలైకే గుడిసె గోడ ఎక్కి, కప్పు మీద పరుచుకుని, కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తోంది. ఆకు అరచేయంత. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. మా ఇంట్లో చిక్కుడు చలికాలంలో కాసేది. ఇక్కడ మే నెలలోనే మా పుష్యమాసమంత చలి కదా, ఇంకా ముందే పూయాలని నా లెక్క. పూయదే! కాయని పాదుకు మా దిక్కు ఒక వైద్యం ఉంది. తిట్టాలి, చీపురుతో రెండు తగిలించాలి, పాత చెప్పు కట్టాలి. సిగ్గుపడి కాస్తుంది. అల్లుడి పాత చెప్పుల జత తీసుకుపోయి పాదుకు కట్టాను. చీపురు పట్టుకుని, "తిన్నది చాలు, ఇగ కాస్తవా సస్తవా" అని తగిలిస్తుంటే గేటు బయట టేపు తాత నిలబడి ఉన్నాడు. చెప్పుల వంక చూశాడు. చీపురు వంక చూశాడు. నేను కూడా ఆయన వంక చూసి ఇంకో దెబ్బ వేశాను, మధ్యలో ఆపితే బాగుండదని. ఆయన జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. (పిట్టలను బెదిరించే సాధనం, అభ్యంతరం లేదు అని రాసుకున్నాడట. తర్వాత బిడ్డ కనుక్కుంది.)

అసలు సంగతి విప్పింది ఎర్రబూట్లామె. ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం నన్ను కంచె అవతలికి పిలిచి తన చేమంతులు చూపించింది. ఆకులే, పూలు లేవు. ఆకాశం చూపించి, గడియారం చూపించి, తొమ్మిది అంకె మీద వేలు పెట్టింది. ఇంకా వెలుతురు ఉంది. తర్వాత పుల్లతో నేల మీద ఒక పొడుగు గీత గీసి తల అడ్డంగా ఊపింది. దాని పక్కన పొట్టి గీత గీసి, చేమంతి మీద చెయ్యి పెట్టి, వేళ్లు పువ్వులా విప్పింది. వెళ్లి నా చిక్కుడు మీద కూడా చెయ్యి పెట్టి, మళ్లీ పొట్టి గీతనే చూపించింది.

నేను ఆ రెండు గీతల ముందు చాలాసేపు కూర్చున్నాను. చలికి కాదన్నమాట. పగలు పొట్టిదైతే పూస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురుండే ఊళ్లో దానికి చలికాలం ఎట్లా తెలుస్తుంది? నలభై ఏళ్లు చిక్కుడు కాయించాను, అది ఎందుకు కాస్తుందో తెలియకుండానే! నేనే కాయిస్తున్నాననుకున్నాను. దాన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి, ముందు ఆ చెప్పులు విప్పేశాను.

సరే, పగలు పొట్టిది కావాలి. ఫెరైన్ వాళ్ల చేతుల్లో లేదు, మా అల్లుడి చేతుల్లో లేదు. నేనే చేయాలి. పాదులో మంచి కొమ్మలున్న వైపును ఎంచుకుని దానికి సాయంత్రం ఐదింటికే పొద్దు గూకించడం మొదలుపెట్టాను. నా నల్ల శాలువా, దాని మీద అల్లుడి నల్ల వానకోటు, దాని మీద ఒక ముదురు దుప్పటి. గాలి చొరకుండా బట్టల క్లిప్పులు. మళ్లీ పొద్దున ఎనిమిదింటికి తెల్లవారించడం. పొద్దున ట్రాము, సాయంత్రం ట్రాము, ఆదివారం లేదు, పండగ లేదు. వాన వస్తే వానకోటు చిక్కుడు వేసుకుంది, అల్లుడు తడిసి వచ్చాడు.

"అత్తమ్మా, నా కోటు..."

"నువ్వు పూయాల్నా, అది పూయాల్నా?"

సెప్టెంబర్‌లో ఒక పొద్దున దుప్పటి తీస్తే ఊదారంగు పూలు. మొదట కంటి మసక అనుకున్నాను. ఎర్రబూట్లామెను కేకేసి పిలిచాను, తెలుగులో. ఆమె జర్మన్‌లో అరుచుకుంటూ వచ్చింది. ఇద్దరం ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా చాలాసేపు మాట్లాడుకున్నాం. అక్టోబర్‌లో కమిటీ వచ్చే రోజుకు కాయలు ఏడు. నాలుగు నిండినవి, మూడు ఇంకా వెంట్రుకవాసి పిందెలు.

టేపు తాత పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. ఆ రోజు అల్లుడు కూడా వచ్చాడు, కోటు లేకుండా. టేపు తాత ఏడు కాయలనూ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టి రాసుకున్నాడు. మూడో వంతు కొలిచాడు. సరిపోవాలంటే నా కూర మడి కూడా పంట కింద లెక్కకు రావాలి. ఇక గింజ ఉందా లేదా అన్నదే మిగిలింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక్కో వరసా ఒక్కో మొక్కా చూసుకుంటూ పోయాడు. మా బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "ఏం గాదు, ఒక్క గింజ ఉండదు" అన్నాను పైకి. వరసలు అయిపోయాయి. ఆయన లేచి, అలవాటుగా నీళ్ల డ్రమ్ము వెనక్కి కూడా వెళ్లాడు. అక్కడ ఏముంటుంది, సందు. ఆయన అక్కడ వంగి, కాసేపు లేవలేదు. లేచి కోటు జేబు సవరించుకున్నాడు. మా ముందుకొచ్చి గంభీరంగా రెండు ముక్కలు చెప్పి, కాగితం తీసి సంతకం చేశాడు.

"ఏమంటుండు?"

"తోట మనదేనటమ్మా!" మా బిడ్డ ఏడుస్తోంది. "గింజ లేని మడి... పంటనే అన్నడు."

"మరి? నేను జెప్పలే?"

ఆ చలికాలమంతా మా ఊరికి ఫోన్ చేసిన ప్రతిసారీ అదే కథ. జర్మనీ కమిటీ మోకాళ్ల మీద పాకి వెతికినా నా మడిలో ఒక్క గింజ దొరకలేదని, పొద్దును కూడా ఐదింటికే గూకించానని. మా చెల్లెలు నాలుగోసారికి, "అక్కా, ఈ కథ నాకు నోటికొచ్చింది, ఫోను పెట్టెయ్యి" అంది.

మళ్లీ మే వచ్చింది. చలికి ముందు నేల లోతుగా తిరగేసి, ఎరువు వేసి, రాజమార్గంలా చదును చేసి పెట్టాను. ఎండలు ముదిరాయి. మడి మాత్రం బోడిగుండులా ఉంది. నాలుగు పప్పుకూర మొక్కలు, అంతే. దొగ్గలి లేదు, గంగవాయిలి లేదు. ఏడాదంతా ఒక్క గింజ రాలనివ్వలేదు కదా, కొత్తవి ఎక్కడివి? పాతవి ఉంటే వాటిని మూరెడు లోతున నేనే పూడ్చాను. విత్తకుండా వచ్చే కూర ఎవరో ఒకరు రాలనిస్తేనే వస్తుందని అప్పుడు తట్టింది. మా పటేళ్ల చేలల్లో మేం పీకకుండా వదిలేసిన మూలలు ఎన్నో ఉండేవి. అవి వదిలేయడం బద్ధకమని తిట్లు తినేవాళ్లం.

ఆ శనివారం నేనూ బిడ్డా ఖాళీ మడి ముందు నిలబడి ఉంటే టేపు తాత గేటు తెరుచుకుని వచ్చాడు. టేపు లేదు. అటూ ఇటూ చూసి జేబులోంచి ఒక కాగితపు కవరు తీసి నా చేతిలో పెట్టాడు. విప్పాను. ఎండిన దొగ్గలి కంకి. కవరు అడుగున నల్లగా మెరుస్తూ గింజలు. వందలు.

ఆయన మా బిడ్డతో ఏదో చెప్పాడు.

"ఏమంటుండు?"

"ఇది నీదేనటమ్మా. పోయినేడు డ్రమ్ము వెనక దొరికిందట."

నేను డ్రమ్ము వంక చూశాను. ఆయన వంక చూడలేకపోయాను.

"ఫెరైన్ వాళ్లకు చెప్పొద్దంటుండు."

"ఫెరైన్ అంటే ఆయననే గదా?"

"నేనూ అదే అన్నమ్మా. ఆయనకు కూడా చెప్పొద్దట."

ఆయన వెళ్లిపోయాక ఆ గింజలు మడిలో చల్లాను. పది రోజులకు ఎర్రటి కాడలతో మొలిచాయి. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పొద్దున ట్రాములో వెళ్లి కొసలు తుంచుతూ ఉంటే అప్పుడప్పుడూ తోట దక్కిన ఆ చలికాలం మనిషి గుర్తొస్తుంది. నాలుగో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని, మోకాళ్ల మీద శాలువా కప్పుకుని, ఒక్క గింజ దొరకలేదే చెల్లే అని ఫోనులో మురిసిపోతున్న మనిషి. ఇప్పుడు ఎదురైతే ఆమెకు ఏమీ చెప్పను. ఆ డ్రమ్ము కాస్త జరిపి చూడమ్మా అని కూడా అనను. చెప్పుకోనీ.